పాత హోటల్లో రాత్రి డ్యూటీ, భైజీ చెప్పిన దయ్యాలు

మొన్న పని మీద వెళ్ళి ఒక పాత బంగళాలో రాత్రి ఉండాల్సి వచ్చింది. చొక్కా తగిలిద్దామని చెక్క బీరువా తలుపు లాగగానే తేమ పట్టిన దేవదారు చెక్క, కలరా ఉండలు, ఎక్కడో అడుగున మిగిలిపోయిన బొగ్గు పొగ, ఈ మూడూ కలిసిన వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలింది. చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మస్సూరీలోని ఒక పాత హోటల్లో పనిచేశాను. అక్కడ చలికాలం అంతా మేం పీల్చింది ఇదే వాసన.

హోటల్ పేరు రాయను. ఇప్పటికీ నడుస్తోంది, యజమానులు మారారు, గదులన్నీ కొత్తగా చేశారు. మా రోజుల్లో మాత్రం దొరలు వదిలి వెళ్ళిన తీరులోనే ఉండేది. రెండంతస్తులు, రేకుల కప్పు, ఈ చివర నుంచి ఆ చివరకి మనిషి మొహం పోల్చుకోలేనంత పొడవు వరండాలు, ప్రతి గదికీ ఒక ఫైర్‌ప్లేస్. పన్నెండో నంబరు తర్వాత పన్నెండు ఏ, ఆ తర్వాత పద్నాలుగు. పదమూడు లేదు. దొరల భయాన్ని ఆ తర్వాత వచ్చిన యజమానులు కూడా అలాగే ఉంచేశారు.

నాది ఫ్రంట్ ఆఫీసులో నైట్ డ్యూటీ. రాత్రి పదకొండుకి ఎక్కితే పొద్దున్న ఏడింటికి దిగాలి. కంప్యూటర్లు లేవు. రెస్టారెంట్ బిల్లులు, బార్ బిల్లులు, లాండ్రీ చీటీలు అన్నీ గదుల వారీగా విడదీసి, చాపంత లెడ్జర్‌లో ఎక్కించి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కూడి, రెండూ ఒకే అంకె దగ్గరకి వచ్చేదాకా కుర్చీలోంచి లేవకూడదు. రూపాయి తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచీ కూడాలి. విదేశీయులెవరైనా దిగితే వాళ్ళ వివరాలు పోలీసులకి తెలిపే సీ-ఫారాలు కూడా రాసిపెట్టాలి. ఇదంతా ఒంటి గంటకో రెండింటికో తేలిపోయేది. నాలుగింటికి బాయిలర్ వెలిగించేదాకా ఇక చేయడానికేం ఉండదు, నిద్రపోవడానికీ వీల్లేదు. దయ్యాలన్నీ ఆ ఖాళీలోనే వచ్చేవి.

రాత్రి మనుషులం కొద్దిమందిమే. నేను, ప్యాంట్రీలో ఒక రూమ్ బాయ్, వెనక బాయిలర్ దగ్గర ఒకతను, ఇంకా భైజీ. భైజీ మా చౌకీదారు. గఢ్వాల్‌లో అన్నయ్యని భైజీ అంటారు. జనరల్ మేనేజర్ దగ్గర్నుంచి గిన్నెలు కడిగే కుర్రాడి దాకా ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం. ఆయన నన్ను ‘భులా’ అనేవాడు, అంటే తమ్ముడూ అని. వాళ్ళ నాన్న అదే హోటల్లో మసాల్చీ, అంటే వంటింట్లో గిన్నెలు తోమే పని. వాళ్ళ తాత కొండ కింద రాజ్‌పుర్ నుంచి పైకి సామాను మోసిన కూలీ. మూడు తరాలు ఒకే కొండని పట్టుకుని బతికారు.

మోకాళ్ళ కిందికి దిగే ఖాకీ ఓవర్‌కోటు, కొనకి ఇనప పొన్ను తొడిగిన కర్ర, మెడలో విజిల్. జేబులో టార్చి ఉండేది కానీ వెలిగించడం నేను పెద్దగా చూడలేదు. చీకట్లో ఏ మెట్టు విరిగిందో, ఏ పలక కిర్రుమంటుందో ఆయన కాళ్ళకి తెలుసు. పోర్టికోలో అంగీఠీ, అంటే బొగ్గుల కుంపటి, ముట్టించి, నేను లెడ్జర్ మూసిన చప్పుడు వినగానే “అయిపోయిందా భులా? రా” అనేవాడు. బొగ్గుల ముందు కూర్చుని గ్లాసులో టీ పోసుకున్నాక మొదలయ్యేవి.

*

ముందు బెల్లు పెట్టె గురించి చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అలాంటివి ఎక్కడా కనిపించడం లేదు.

ప్యాంట్రీ గోడకి ఒక చెక్క పెట్టె ఉండేది, ముందువైపు అద్దం, అద్దం మీద వరసగా గది నంబర్లు. ఒక్కో నంబరు కింద చిన్న కిటికీలాంటి ఖాళీ. గదిలో గెస్టు మీట నొక్కితే ఇక్కడ గంట మోగేది, ఆ నంబరు కింద ఎర్ర రేకు ముక్క ఒకటి జారి కాసేపు ఊగేది. రూమ్ బాయ్ ఆ ఎర్ర ముక్క చూసి ఏ గదో తెలుసుకుని వెళ్ళాలి. పెట్టె పక్కనున్న పిడి లాగితే రేకు మళ్ళీ పైకి వెళ్ళిపోతుంది. అంతే యంత్రం.

చలికాలంలో గెస్టులు తగ్గిపోతారు కాబట్టి వెనక వింగ్ మొత్తం మూసేసేవాళ్ళు. పరుపులు చుట్టి, సోఫాల మీద కుర్చీల మీద తెల్ల దుప్పట్లు కప్పి, మెయిన్ తీసేసి తాళం. ఆ మూసేసిన వింగ్‌లో పంతొమ్మిదో నంబరు. వానపడ్డ రాత్రుల్లో, మంచు కురవబోయే ముందు రాత్రుల్లో పంతొమ్మిది కింద రేకు జారేది. గంట ఒకసారి మోగేది. రూమ్ బాయ్ ప్యాంట్రీలోంచి పరిగెత్తుకుంటూ పోర్టికోలోకి వచ్చేసేవాడు.

ఎలక్ట్రీషియన్‌కి కారణం తెలుసు. బెల్లు వైర్లు దొరల కాలం నాటివి, పైన నూలు చుట్టినవి. తేమకి ఆ నూలు నానితే రెండు తీగలూ కలిసిపోతాయి. మెయిన్‌తో సంబంధం లేదు, బెల్లు ప్యాంట్రీలోని బ్యాటరీ మీద నడుస్తుంది. ఈ సంగతి మాకు అందరికీ ఆయన చాలాసార్లు చెప్పాడు. అయినా పంతొమ్మిది మోగినప్పుడు వెన్నులో చలి పుట్టేది, కారణం తెలియడం ఒకటి, రాత్రి మూడింటికి ఆ ఎర్ర రేకు ఊగడం చూడటం ఇంకొకటి.

భైజీ మాత్రం ప్రతిసారీ లేచేవాడు. తాళాల గుత్తి తీసుకుని, కర్ర పట్టుకుని, ఆ వింగ్ తలుపు తీసి, పంతొమ్మిది దాకా నడిచి, తలుపు కొట్టి, తీసి, చూసి, మళ్ళీ తాళం వేసి వచ్చేవాడు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. తలుపు కొట్టి ఒక క్షణం ఆగాడు, లోపల గెస్టు ఉంటే ఎలా ఆగుతామో అలా. తెల్ల దుప్పట్లు కప్పిన కుర్చీల మీద కిటికీలోంచి వెన్నెల పడుతోంది, అది చూస్తే ఎవరికైనా మనుషులు కూర్చున్నట్టే ఉంటుంది. “ఎవరూ లేరు, పద” అన్నాడు. వైర్ల గొడవే కదా భైజీ, ఎందుకు ప్రతిసారీ అంటే, “బెల్లు మోగితే వెళ్ళాలి భులా. ఎవరు కొట్టారన్నది వెళ్ళాక చూసుకునే సంగతి” అన్నాడు.

హోటల్ పని గురించి ఆ తర్వాత పెద్ద పెద్ద హోటళ్ళలో, పెద్ద పెద్ద ట్రైనింగుల్లో ఎంతో విన్నాను. ఇంతకంటే గట్టి మాట నాకు దొరకలేదు.

*

చప్పుళ్ళ గురించి చెప్పకపోతే ఆ రాత్రులు మీకు అర్థం కావు. పగలు ఎండకి సాగిన రేకులు రాత్రి చలికి ముడుచుకుంటూ ఒక్కొక్కటే ‘టప్’మంటాయి, ఆ చప్పుడు కప్పు ఈ కొన నుంచి ఆ కొనకి నడుస్తున్నట్టు వస్తుంది. అటక మీద ఎగిరే ఉడుతలు ఉండేవి. అవి పిల్లి అంత పెద్దవి, దూకి దిగితే మనిషి అడుగే. ఓక్ చెట్ల లోయలోంచి కాకడ్ అరిచేది. చిన్న జింక అది, దాని అరుపు బొంగురుపోయిన కుక్క అరుపులా ఉంటుంది, పులి తిరుగుతోందంటే ఆగకుండా అరుస్తూనే ఉంటుంది. చిమ్నీల్లో గాలి మూలిగేది. బాల్‌రూమ్‌లో పాత పియానో ఒకటి, దాని లోపల ఎలుకలు తీగల మీద నడిస్తే అర్ధరాత్రి రెండు మూడు స్వరాలు పలికేవి.

భైజీ ప్రతి చప్పుడికీ కారణం చెప్పేవాడు. చెప్పి, దాని వెంటే కథ కూడా చెప్పేవాడు. రెండింటికీ మధ్య ఆయనకి తగువేమీ లేదు. ఎలుకలు నడుస్తాయి, నిజమే, కానీ ఫలానా దొరసాని కూడా అదే పియానో దగ్గర కూర్చునేది, అదీ నిజమే.

కొండల్లో ఆయన పుట్టిన ఊళ్ళో జాగర్ జరుగుతుంది. చనిపోయిన వాళ్ళనీ దేవతలనీ డోలు మీద, కంచు పళ్ళెం మీద వాయిస్తూ రాత్రంతా పిలుస్తారు, వాళ్ళు ఎవరి ఒంటి మీదికో వచ్చి మాట్లాడతారు. ఏడాదికోసారి సెలవు పెట్టి దానికోసం వెళ్ళేవాడు. ఎత్తు శిఖరాల మీద ఆఛరీలు ఉంటాయని, ఎర్ర బట్టలు కట్టుకుని గట్టిగా పాడుకుంటూ వెళ్ళే వాళ్ళని పట్టుకుంటాయని చెప్పేవాడు. చనిపోయిన వాళ్ళతో మాట్లాడటం ఆయనకి ఇంట్లో పని. అందుకేనేమో, హోటల్ దయ్యాల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించడం, కళ్ళు పెద్దవి చేయడం లాంటివి ఏమీ ఉండేవి కావు. పక్కింటి వాళ్ళ సంగతి చెబుతున్నట్టే చెప్పేవాడు.

*

మా హోటల్ దయ్యాలు చిల్లర దయ్యాలు. ఊరి మొత్తానికి పెద్ద దయ్యం సవాయ్ హోటల్‌ది.

సవాయ్ లైబ్రరీ చౌక్ పైన ఉంటుంది. లక్నోలో బారిస్టరుగా ఉన్న సెసిల్ లింకన్ అనే ఆయన అంతకుముందు అక్కడున్న ఒక స్కూలు స్థలం కొని కట్టించాడు, 1902లో తెరిచారు. అప్పటికి డెహ్రాడూన్ దాకా రైలు వచ్చి రెండేళ్ళే. అక్కణ్ణుంచి పైకి అన్నీ ఎద్దుబండ్ల మీద, మనుషుల వీపుల మీద ఎక్కాల్సిందే. పియానోలు, బిలియర్డ్స్ బల్లలు, షాంపేన్ పెట్టెలు, ఓక్ చెక్క సామాను, అన్నీ. 1905 కాంగ్రా భూకంపానికి హోటల్ దెబ్బతింటే మళ్ళీ బాగుచేశారు. ఊళ్ళోకి కరెంటు వచ్చింది 1909 ప్రాంతంలో. అంతదాకా బాల్‌రూమ్ షాండ్లియర్లలో వెలిగినవి కొవ్వొత్తులే. తెల్లవారుజామున అక్కడ ఒక గంట కొట్టేవాళ్ళని, భక్తిపరులు ప్రార్థనకి లేవడానికి, మిగతావాళ్ళు ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోవడానికి అని, 1920ల్లో వచ్చిన ఒక అమెరికన్ యాత్రికుడు రాసిపెట్టాడు. ఇప్పటికీ మస్సూరీలో ఎవరిని కదిపినా ఈ గంట సంగతి చెబుతారు.

1911లో ఫ్రాన్సెస్ గార్నెట్-ఓర్మ్ అనే ఆవిడ, వయసు నలభై తొమ్మిది, అక్కడ దిగింది. లక్నో నుంచి వచ్చిన ఈవా మౌంట్‌స్టీఫెన్ అనే స్నేహితురాలు కూడా ఉంది. ఇద్దరికీ ఆత్మలతో మాట్లాడటం మీద నమ్మకం, బల్ల చుట్టూ కూర్చోవడం, స్ఫటికంలోకి చూడటం వగైరా. కొన్నాళ్ళకి ఈవా లక్నో వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక రోజు ఫ్రాన్సెస్ తన గదిలో మంచం మీద చనిపోయి కనిపించింది. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. పోస్ట్‌మార్టంలో తేలింది ప్రూసిక్ ఆసిడ్, అంటే సైనైడ్ జాతి విషం. ఊళ్ళో లేని మనిషి గడియ వేసున్న గదిలోకి విషం ఎలా పంపింది? ఆవిడ వాడే మందు సీసాలో ముందే కలిపి ఉంచిందన్నారు. ఈవా మీద అలహాబాద్‌లో కేసు నడిచింది, నిర్దోషి అని వదిలేశారు. విషం ఎవరు కలిపారో, అసలు ఎవరైనా కలిపారో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. అగాథా క్రిస్టీ 1920లో వచ్చిన తన మొదటి నవలకి ఈ కేసులోంచే ఊహ తీసుకుందని చెప్పుకుంటారు.

మా రోజుల్లో సవాయ్ బాగా పాతబడి ఉండేది. ఇప్పుడు ఐటీసీ వాళ్ళ పేరు మీద మెరిసిపోతోంది కానీ అప్పట్లో సాయంత్రం లైబ్రరీ చౌక్ నుంచి తలెత్తి చూస్తే ఆ గోపురాల్లో సగం చీకటిగా కనిపించేవి. అక్కడి పనివాళ్ళూ మేమూ ఒకే టీ బడ్డీ దగ్గర కలిసేవాళ్ళం. వరండాలో ఆవిడ తిరుగుతుందని, తనని చంపిందెవరో వెతుక్కుంటోందని ఒకరు, స్టాపర్ తీసిన మందు సీసా వాసన వస్తుందని ఇంకొకరు. మళ్ళీ అక్కడే ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక ముసలాయన “ఇన్నేళ్ళలో నాకు ఎలుక తప్ప ఏదీ కనపడలేదు” అని టీ డబ్బులిచ్చి వెళ్ళిపోయేవాడు.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఈమధ్య వీడియోల్లో, టూరిస్టు గైడ్ల నోట ఈ కథ వింటుంటే ఈవాని తడుముకోకుండా ‘హంతకురాలు’ అనేస్తున్నారు. కోర్టు వదిలేసిన మనిషి ఆవిడ. కథకి ముగింపు కావాలి కాబట్టి చనిపోయిన ఒక ఆడమనిషి మీద వందేళ్ళ తర్వాత కూడా హత్య మోపడం అన్యాయం. భైజీ అలా ఎప్పుడూ చెప్పలేదు. “పాపం ఆ రెండో ఆవిడ ఎలా బతికిందో తర్వాత” అనేవాడు. ఆ కథలో ఆవిడ గురించి ఆలోచించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

*

డిసెంబర్ చివరి రోజులు, బయట మంచు పడుతోంది. ఒక కుటుంబం దిగింది, పెద్దాయన, కొడుకు, కోడలు, చిన్నపాప. ఫైర్‌ప్లేస్ సరిగ్గా మండటం లేదని గొడవపడి అంగీఠీ కావాలన్నారు. సాయంత్రం కాసేపు ఉంచి పడుకునే ముందు బయట పెట్టేయాలన్నది హోటల్ నియమం. పెద్దాయన ఒప్పుకోలేదేమో, లోపలే ఉంచుకుని కిటికీ సందుల్లో తువ్వాళ్ళు కుక్కి పడుకున్నారు.

రాత్రి రెండున్నరకి ఫోన్. కొడుకు గొంతు, మాట ముద్దగా వస్తోంది. మంచం కాళ్ళ దగ్గర ఎవరో నిలబడ్డారని నాన్న అంటున్నారు, నాకూ ఏదో కనపడింది, పాప ఏడవడం కూడా లేదు, ఎవరైనా రండి. నేను ఫోన్ పెట్టి భైజీతో ఆ ముక్క చెప్పేలోపే ఆయన లేచి పరిగెత్తాడు. ఆ వయసులో అంత వేగంగా మెట్లెక్కడం నేను ఊహించలేదు. నేను వెళ్ళేసరికి తలుపు భుజంతో తోసేశాడు, ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు, ముందు పాపని చంకనేసుకుని వరండాలోకి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. తర్వాత కర్రతో కిటికీ అద్దం పగలగొట్టాడు. ఆ తర్వాత ఒట్టి చేతులతో అంగీఠీ పట్టుకుని బయటికి ఈడ్చి మంచులో పడేశాడు. బొగ్గులు ‘సుయ్’మన్నాయి. పెద్దాయన వరండాలో కూర్చుని వాంతి చేసుకున్నాడు, కోడలు తల పట్టుకుని గోడకి ఆనుకుంది. చలిగాలికి పాప కాసేపటికి గుక్కపట్టి ఏడ్చింది, ఆ ఏడుపు విన్నాక నా కాళ్ళలో వణుకు మొదలైంది. డాక్టరు వచ్చి చూశాడు. అందరూ బతికారు.

తెల్లారాక ఆయన అరచేతులకి బర్నాల్ రాస్తూ అడిగాను, మీకెలా తెలిసింది అని. “అంగీఠీ దయ్యం భులా. ముందు తల బరువెక్కిస్తుంది, తర్వాత మనుషుల్ని చూపిస్తుంది, తర్వాత నిద్రపుచ్చుతుంది. మా ఊళ్ళో ఇద్దరు అలాగే పోయారు” అన్నాడు.

కొన్నేళ్ళ తర్వాత చదివాను, విలియం విల్మర్ అనే అమెరికన్ కంటి డాక్టరు 1921లో ఒక వైద్యపత్రికలో సరిగ్గా ఇదే రాశాడని. ఒక పాత ఇంట్లో దిగిన కుటుంబానికి రాత్రుళ్ళు అడుగుల చప్పుడు, గదుల్లో మనుషులు, తలనొప్పులు, నీరసం. చివరికి చూస్తే ఇల్లు వేడిచేసే కొలిమి పాడైపోయి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తోంది. దాన్ని బాగుచేయిస్తే దయ్యాలు పోయాయి. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. ఫైర్‌ప్లేసులూ అంగీఠీలూ ఉన్న పాత హోటళ్ళలో పుట్టిన కథల్లో ఎన్నిటికి ఇదే మూలమో అనిపిస్తుంది నాకు. కొండ ప్రాంతాల్లో ఇప్పటికీ ప్రతి చలికాలం మూసిన గదుల్లో బొగ్గు పెట్టుకుని చనిపోయిన వాళ్ళ వార్తలు వస్తూనే ఉంటాయి. దయచేసి ఎవరూ అలా పడుకోకండి, కిటికీ కొంచెం తీసి ఉంచినా నమ్మకం లేదు.

*

డ్యూటీ దిగి నిద్రపట్టని రోజుల్లో కేమెల్స్ బ్యాక్ రోడ్డు మీద నడిచేవాళ్ళం. ఆ దారిలో దొరల శ్మశానం ఉంది. ఝాన్సీ లక్ష్మీబాయి తరఫున కంపెనీతో వాదించిన లాయరు జాన్ లాంగ్ సమాధి అక్కడే. ఆస్ట్రేలియాలో పుట్టిన మనిషి, 1864లో మస్సూరీలో పోయాడు. పొదల్లో మరుగునపడిన ఆ రాయి మళ్ళీ 1964లో బయటపడింది. ఆ చుట్టుపక్కల చిన్నపిల్లల సమాధులు చాలా ఉన్నాయి, వయసు నెలల్లో రాసి ఉంటుంది. భైజీ ఇంగ్లీషు చదవలేడు. నన్ను చదవమని అడిగి వినేవాడు, పేరు, వయసు, ఎలా పోయారు.

ఒక రోజు అన్నాడు, “చూశావా భులా, వీళ్ళకి పేర్లున్నాయి. పేరుంది కాబట్టే దయ్యం కాగలిగారు. దొరసాని పియానో వాయించింది, రిజిస్టర్లో పేరుంది, ఇప్పటికీ వాయిస్తోందంటారు. ఆ పియానోని రాజ్‌పుర్ నుంచి మోసుకొచ్చిన వాళ్ళలో మా తాత ఉన్నాడు. మలుపు దగ్గర తాడు జారి ఎడంచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆయన ఎవరికీ కనపడడు.”

కోపంగా అనలేదు, రాయి మీద ఆకులు దులుపుతూ అన్నాడు. కానీ ఆ మాట విన్నాక దయ్యం కథలు నాకు మరోలా వినపడటం మొదలైంది. మనుషుల్ని కూర్చోబెట్టి భుజాల మీద డాండీలు మోసినవాళ్ళు, మాల్ రోడ్డు మీద రిక్షాలు లాగినవాళ్ళు, వేడినీళ్ళ బకెట్లతో మెట్లెక్కినవాళ్ళు, కొవ్వొత్తులు తుడిచినవాళ్ళు. వాళ్ళు లేకుండా ఒక్క దొరసాని ఒక్క రాత్రి కూడా ఆ కొండ మీద గడపలేదు. కథల్లో వాళ్ళు ఒక్కచోటే కనిపిస్తారు, అదీ గుంపుగా. మస్సూరీ పక్కన లంబీ దేహర్ అని మూసేసిన సున్నపురాయి గనులున్నాయి, అక్కడ యాభై వేలమంది కూలీలు రక్తం కక్కుకుని చచ్చి దయ్యాలయ్యారని ఇంటర్నెట్లో తిరుగుతుంటుంది. ఆ అంకెకి ఆధారమేమీ లేదు. డూన్ లోయ చుట్టూ సున్నపురాయి తవ్వకాల వల్ల కొండలు గుల్లయ్యాయని, నీళ్ళు పోయాయని 1980ల్లో సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్ళి 1985 నుంచి క్వారీలు మూయించిన మాట మాత్రం నిజం. ఆ దుమ్ములో పనిచేసిన వాళ్ళు ఎవరు, ఏ ఊళ్ళ వాళ్ళు, ఆ తర్వాత ఏమయ్యారు అన్నది దయ్యం వీడియోలు తీసేవాళ్ళకి పట్టదు.

*

అక్టోబర్ దాటాక మస్సూరీలో సాయంత్రాలు పడమర ఆకాశంలో ఒక గీత కనిపిస్తుంది, వింటర్‌లైన్ అంటారు. సూర్యుడు భూమి మీద కాకుండా ఆ గీత వెనక దిగినట్టు ఉంటుంది, కింద ఊదారంగు, పైన నారింజ. నైట్ డ్యూటీ వాళ్ళం అది చూస్తూ నిద్రలేచేవాళ్ళం. మంచినీళ్ళ పైపు గడ్డకట్టకుండా గోనెసంచి చుట్టడం, ఉదయం అయిదింటికి ఇనప బకెట్ల పిడులు వరండా పొడుగునా గలగలమనడం, బెడ్ టీ ట్రేల మీద ఊలు టీకోజీలు, ఇత్తడి బిళ్ళలున్న తాళాలు పెట్టెలో పడిన చప్పుడు. గీజర్లు వచ్చాయి, బాయిలర్ అతను వెళ్ళిపోయాడు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి కొత్తది పెట్టినప్పుడు బెల్లు పెట్టె పీకేశారు. పంతొమ్మిది ఇక మోగలేదు. నేను కూడా ఆ తర్వాత కొంతకాలానికి వేరే ఊరు, వేరే హోటల్.

బాల్‌రూమ్ పక్కన బిలియర్డ్స్ గది ఒకటుండేదని చెప్పలేదు కదూ. బల్ల మీద గుడ్డ చిరిగిపోయి ఎవరూ ఆడేవాళ్ళు కాదు, చలి ఎక్కువైతే మేం అందులో చేరేవాళ్ళం. భైజీ ఆ బల్ల మీద టీ గ్లాసు పెట్టనిచ్చేవాడు కాదు. పాడైపోయిన బల్లే కదా అన్నా వినేవాడు కాదు, గ్లాసు తీసి కింద పెట్టేవాడు. వెళ్తూ వెళ్తూ అంచుమీద వేళ్ళతో రెండుసార్లు తట్టేవాడు. అది ఆయన అలవాటు అనుకున్నాం.

బంగళాలో ఆ వాసన తగిలిన మర్నాడు పాత స్నేహితుడికి ఫోన్ చేస్తే తెలిసింది, భైజీ పోయి అప్పటికే కొన్ని నెలలైందని. టెహ్రీ వైపు వాళ్ళ ఊళ్ళో, నిద్రలో. ఆయన భార్య, మా భాభీజీ, నంబరు తీసుకుని మాట్లాడాను. నా పేరు చెబితే గుర్తుపట్టలేదు, “రాత్రి లెక్కలు రాసే మద్రాసీ భులా” అంటే వెంటనే పట్టుకుంది. చాలాసేపు మాట్లాడుకున్నాం. కిందటి జాగర్‌కి ఆయన రాలేదని, తొందరేముంది, మెల్లగా వస్తాడులే అని చెప్పింది.

పియానో మోసిన తాతగారి కథ నాకు చెప్పాడండీ, శ్మశానం దగ్గర, అన్నాను. ఆవిడ నవ్వింది. “పియానో కాదు బాబూ. మా మామగారు ఎన్నోసార్లు చెప్పారు నాకు. ఆ తాతగారు మోసింది ఆటబల్ల రాళ్ళు. వేళ్ళు పోయింది దాని కిందే. మీ భైజీ అందరికీ పియానో అని చెప్పేవాడు. రాయి అంటే గెస్టులు ఎవరూ వినరు, పియానో అంటే ఆగి వింటారు అనేవాడు.”

నిండు సైజు బిలియర్డ్స్ బల్ల పన్నెండడుగులు. ఆకుపచ్చ గుడ్డ కింద ఉండేది చెక్క కాదు, పలకరాయి. మొత్తం అయిదు పలకలు, ఒక్కోటి దాదాపు రెండు క్వింటాళ్ళు. పియానో కంటే వాటిని ఆ మలుపుల్లో ఎక్కించడమే కష్టం, ఎందుకంటే అంచు తగిలితే పగులుతుంది, పగిలితే కూలి పోతుంది. మా హోటల్ బల్ల ఇప్పుడు కొత్త గుడ్డతో లాబీలో ఉందట, గెస్టులు ఆడుతున్నారట. పక్కన బోర్డు మీద పియానో దొరసాని కథ రాసిపెట్టారని స్నేహితుడు ఫొటో పంపాడు. అక్కడి మేనేజరు కుర్రాడు మంచివాడే, రాళ్ళ కథ కూడా రెండు వాక్యాలు రాయమని అడిగాను. తాతగారి పేరు కావాలన్నాడు. భాభీజీని అడిగి పంపించాను.